ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఇన్‌స్టాల్, కంపైల్ చిక్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

వీడియోను ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌లోకి మార్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అనగానే ముందు గుర్తొచ్చేది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు ఇవాళ ఎన్నో ప్లేయర్లు, ఎడిటర్ల లోపల కనబడకుండా పనిచేస్తోంది. దాన్ని సోర్స్ (ప్రోగ్రామర్లు రాసిన కోడ్) నుంచి కంపైల్ చేసుకోబోయి, అంటే నడిచే ప్రోగ్రామ్‌గా మార్చుకోబోయి, మొదటి ఎర్రర్‌కే చేతులెత్తేసినవాళ్ళను చాలామందిని చూశాను. ఆ చిక్కుల్లో ఎక్కువ భాగం నిజానికి చిన్నవే. నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఒకచోట పెడుతున్నాను.

ఒక మనవి. కమాండ్లు, ఆప్షన్లు ఇక్కడ పలికినట్టు తెలుగులో రాశాను. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు, నేను వేరుగా చెప్పిన చోట తప్ప, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టండి. కంపైల్‌కు ముందు మీ కంప్యూటర్‌ను పరీక్షించి సిద్ధం చేసే స్క్రిప్ట్ పేరు కాన్ఫిగర్. దానికి ఇచ్చే ప్రతి ఆప్షన్‌కూ ముందు రెండు అడ్డగీతలు ఉండాలి.

అసలు నేను కంపైల్ చేసుకోవాలా?

చాలామందికి అక్కర్లేదు. లినక్స్‌లో ప్యాకేజీ మేనేజర్, మ్యాక్‌లో హోమ్‌బ్రూ ఉన్నాయి. అక్కడ ఒక్క కమాండ్‌తో పని అయిపోతుంది. ప్రాజెక్టు వాళ్ళు సోర్స్ మాత్రమే విడుదల చేస్తారు. విండోస్‌కు ఇతరులు తయారుచేసిన బిల్డ్‌లు ఉంటాయి, వాటి లింకులు అధికారిక సైట్ డౌన్‌లోడ్ పేజీలోనే దొరుకుతాయి. జిప్ విప్పి, అందులోని బిన్ ఫోల్డర్‌ను పాత్ వేరియబుల్‌లో కలిపి, టెర్మినల్ మూసి మళ్ళీ తెరిస్తే చాలు. మూసి తెరవడం మర్చిపోయి "కమాండ్ దొరకలేదు" అంటోందని టెన్షన్ పడేవాళ్ళు ఎంతమందో!

కంపైల్ చేయాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. లిబ్‌ఎఫ్‌డీకే-ఏఏసీ (ఏఏసీ ఆడియో ఎన్‌కోడర్) లాంటి లైబ్రరీ కావాలి. నిన్నగాక మొన్న సరిచేసిన ఒక బగ్ ఫిక్స్ కావాలి. చిన్న పరికరంలో పట్టేంత చిన్న బైనరీ కావాలి. లేదా కోడ్‌లో మీ సొంత మార్పు చేశారు. వీటిలో ఏదీ మీది కాకపోతే రెడీమేడ్ బిల్డ్ తీసుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

మొదలుపెట్టే ముందు ఏమేం ఉండాలి?

సీ కంపైలర్, మేక్ (కంపైల్ పనిని నడిపించేది), పీకేజీ-కాన్ఫిగ్ (లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పేది), గిట్ (సోర్స్ తెచ్చుకోవడానికి), నాజమ్. ఈ చివరిది ఎన్, ఏ, ఎస్, ఎం అక్షరాలతో పేరున్న అసెంబ్లర్. పాత ట్యుటోరియల్స్‌లో దీని బదులు యాజమ్ అని ఉంటుంది, మీరు నాజమే పెట్టుకోండి. మ్యాక్‌లో కంపైలర్ కోసం ఎక్స్‌కోడ్ కమాండ్ లైన్ టూల్స్ వేసుకోవాలి.

కాన్ఫిగర్ నడిపేటప్పుడు ప్రిఫిక్స్ ఆప్షన్‌తో మీ హోమ్ ఫోల్డర్‌లో ఒక చోటు చూపించండి. సిస్టమ్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఉన్న చోటే దీన్ని కూడా కుక్కితే, దాని మీద ఆధారపడ్డ ప్లేయర్లు మొరాయిస్తాయి. హోమ్‌లో పెడితే సుడో (అడ్మిన్ అనుమతి) అవసరం కూడా ఉండదు, వద్దనుకున్న రోజు ఫోల్డర్ తీసేస్తే సరి.

"నాజమ్ దొరకలేదు, లేదా మరీ పాతది" అని కాన్ఫిగర్ ఆగిపోయింది. అదే చెప్పినట్టు డిజేబుల్-ఎక్స్86ఏఎస్‌ఎం ఇవ్వనా?

ఇవ్వకండి. ఆ మెసేజ్‌ను చివరిదాకా చదవండి. ఆ ఆప్షన్ వాడితే వచ్చేది "క్రిపుల్డ్ బిల్డ్" అని వాళ్ళే రాశారు, అంటే కాళ్ళూ చేతులూ కట్టేసిన బిల్డ్. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల కోసం చేత్తో రాసిన అసెంబ్లీ కోడ్ వల్లే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు ఆ వేగం వచ్చింది. దాన్ని పక్కన పెడితే పని అవుతుంది కానీ నత్తనడకన అవుతుంది. ఎర్రర్ పోయింది కదా అని సంతోషించి, నెల తర్వాత "నా కంప్యూటర్లో ఎందుకింత నెమ్మది?" అని అడిగేవాళ్ళు ఇక్కడే తప్పటడుగు వేసి ఉంటారు. నాజమ్ ఇన్‌స్టాల్ చేయండి, రెండు నిమిషాల పని. ప్యాకేజీలో ఉన్నది పాతదైతే దాని సోర్స్ తెచ్చి కంపైల్ చేసుకోండి, అది చాలా తేలిక.

లైబ్రరీ ఇన్‌స్టాల్ చేశాను. అయినా కాన్ఫిగర్ "నాట్ ఫౌండ్" అంటోంది. ఎందుకు?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ముందు ఒక మాట గట్టిగా పట్టుకోండి: "నాట్ ఫౌండ్" అంటే లైబ్రరీ మీ కంప్యూటర్లో లేదని కాదు, కాన్ఫిగర్ పెట్టిన పరీక్ష తప్పిందని. ఆ పరీక్ష ఎలా జరుగుతుందో తెలిస్తే సగం సమస్య తీరినట్టే.

వీడియో ఎన్‌కోడర్ లైబ్రరీ ఎక్స్265 కోసం మీరు ఎనేబుల్-లిబ్‌ఎక్స్265 అని ఇచ్చారనుకుందాం. కాన్ఫిగర్ ముందు పీకేజీ-కాన్ఫిగ్‌ను అడుగుతుంది, ఎక్స్265 ఎక్కడుంది, ఏ వెర్షన్ అని. ఆ జవాబు పట్టుకుని నాలుగైదు లైన్ల సీ ప్రోగ్రామ్ ఒకటి అప్పటికప్పుడు రాస్తుంది. అందులో ఎక్స్265 హెడర్‌ను (దాని ఫంక్షన్ల వివరాలున్న ఫైలు) చేర్చి, దానిలోని ఒక ఫంక్షన్‌ను ప్రస్తావించి, కంపైల్ చేసి, లింక్ చేసి చూస్తుంది. ఈ దారిలో ఎక్కడ కాలు జారినా చివరికి మీకు కనబడేది అదే ఒక్క లైను.

కాబట్టి తెర మీద ఉన్నదాన్ని వదిలేసి, సోర్స్ ఫోల్డర్‌లో ఎఫ్‌ఎఫ్‌బిల్డ్ అనే ఫోల్డర్ తెరవండి. అందులో కాన్ఫిగ్.లాగ్ ఉంటుంది. దాని అడుగు నుంచి పైకి చదవండి. అసలు కారణం అక్కడ రాసి ఉంటుంది.

నాకు ఒకసారి ఎక్స్265తోనే జరిగింది. దాన్ని సొంతంగా స్టాటిక్ లైబ్రరీగా (ప్రోగ్రామ్ లోపలే కలిసిపోయేది) కట్టుకున్నాను. పీకేజీ-కాన్ఫిగ్‌ను అడిగితే వెర్షన్ నంబర్ చక్కగా చెబుతోంది, కాన్ఫిగర్ మాత్రం లేదంటోంది. లైబ్రరీని తీసేశాను, మళ్ళీ పెట్టాను, ఇంకో వెర్షన్ తెచ్చాను. సాయంత్రమంతా పోయింది. చివరికి లాగ్ తెరిస్తే ఆ చిన్న ప్రోగ్రామ్ కింద వరుసగా "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" లైన్లు, అన్నిటి చివరా నూమా అనే పేరుతో మొదలయ్యే ఫంక్షన్లు. ఎక్స్265 దొరికింది, దానికి తోడుగా ఉండాల్సిన నూమా లైబ్రరీయే లింక్ కాలేదు. కాన్ఫిగర్‌కు పీకేజీ-కాన్ఫిగ్-ఫ్లాగ్స్ ఆప్షన్ ఇచ్చి, దాని విలువగా, ముందు రెండు అడ్డగీతలతోనే, స్టాటిక్ అని పెట్టాను. మరుక్షణం దాటిపోయింది. లాగ్ ముందే చూసి ఉంటే ఐదు నిమిషాల్లో తేలేది. అందుకే ఈ ఫైలు పేరు ఇన్నిసార్లు చెబుతున్నాను.

లాగ్‌లో మామూలుగా కనబడే కారణాలు ఇవి. హెడర్ ఫైలు లేదంటే, మీరు లైబ్రరీ పెట్టారు కానీ దాని డెవలప్‌మెంట్ ప్యాకేజీ పెట్టలేదు. డెబియన్, ఉబుంటులో అలాంటి ప్యాకేజీ పేరు చివర "డెవ్" అని, ఫెడోరాలో "డెవెల్" అని ఉంటుంది. లైబ్రరీని వాడే ప్రోగ్రామ్ నడవడానికి ఉత్తి లైబ్రరీ ప్యాకేజీ చాలు, కొత్తగా ప్రోగ్రామ్ కట్టడానికి డెవలప్‌మెంట్ ప్యాకేజీ కూడా కావాలి.

ప్యాకేజీయే దొరకలేదంటే పాత్ సమస్య. ప్రతి లైబ్రరీ తన వివరాలతో పీసీ అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న చిన్న ఫైలు ఒకటి పెడుతుంది. మీరు సొంత ఫోల్డర్‌లో కట్టుకుంటే పీకేజీ-కాన్ఫిగ్ అక్కడ వెతకదు. పీకేజీ_కాన్ఫిగ్_పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఆ ఫోల్డర్ చూపించాలి, ఇది మాత్రం అన్నీ పెద్ద అక్షరాల్లో. లిబ్ బదులు లిబ్64 లోపల పడిందేమో కూడా చూడండి, కళ్ళ ముందే ఉండి కనబడదు. ఆపిల్ చిప్ ఉన్న మ్యాక్‌లో హోమ్‌బ్రూ ప్యాకేజీలు ఆప్ట్ కింద హోమ్‌బ్రూ ఫోల్డర్‌లో ఉంటాయి. ఇంటెల్ మ్యాక్ కాలం నాటి ట్యుటోరియల్‌లోని యూఎస్‌ఆర్-లోకల్ పాత్‌లు అక్కడ పనిచేయవు.

ఎనేబుల్-జీపీఎల్, ఎనేబుల్-నాన్‌ఫ్రీ ఎందుకు అడుగుతోంది?

ఇది సాంకేతిక లోపం కాదు, లైసెన్సు విషయం. ఎల్‌జీపీఎల్, జీపీఎల్ అనేవి రెండు ఓపెన్ సోర్స్ లైసెన్సులు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ మామూలుగా ఎల్‌జీపీఎల్ కింద ఉంటుంది. ఎక్స్264, ఎక్స్265 జీపీఎల్ కింద ఉన్నాయి. వాటిని కలిపితే మొత్తం బిల్డ్ జీపీఎల్ కిందకు వస్తుంది కాబట్టి ఆ సంగతి మీకు తెలుసని ఎనేబుల్-జీపీఎల్‌తో చెప్పాలి. లిబ్‌ఎఫ్‌డీకే-ఏఏసీ లైసెన్సు జీపీఎల్‌తో పొసగదు. రెండూ కలవాలంటే ఎనేబుల్-నాన్‌ఫ్రీ కూడా ఇవ్వాలి, అప్పుడు వచ్చిన బైనరీని మీరు వాడుకోవచ్చు కానీ ఎవరికీ పంచకూడదు. రెడీమేడ్ బిల్డ్‌లలో అది కనబడకపోవడానికి కారణం ఇదే.

ఏఏసీ ఆడియో కోసమే ఈ తంటా అయితే ఒకసారి ఆగండి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు సొంత ఏఏసీ ఎన్‌కోడర్ ఉంది. 2016లో వచ్చిన 3.0 నుంచి దానికి "ప్రయోగాత్మకం" ముద్ర పోయింది. మామూలు అవసరాలకు అది సరిపోతుందని నా అభిప్రాయం. "స్ట్రిక్ట్ ఎక్స్‌పెరిమెంటల్" పెట్టమనే పాత సలహాలు ఇప్పుడు అనవసరం.

"సీ కంపైలర్ టెస్ట్ ఫెయిల్డ్" అంటోంది, కంపైలర్ మాత్రం బానే ఉంది?

మళ్ళీ కాన్ఫిగ్.లాగ్ చూడండి. చాలాసార్లు మీరు అదనంగా ఇచ్చిన ఫ్లాగ్‌లో అక్షరదోషం ఉంటుంది. సర్వర్లలో దీని బదులు "శానిటీ టెస్ట్ ఫెయిల్డ్" అని రావచ్చు, అక్కడ టెంప్ ఫోల్డర్‌ను నోఎగ్జెక్‌గా, అంటే ప్రోగ్రామ్‌లు నడపనివ్వకుండా, మౌంట్ చేసి ఉంటారు. కాన్ఫిగర్ తన చిన్న పరీక్ష స్క్రిప్ట్‌ను అక్కడే నడపబోయి విఫలమవుతుంది. టీఎంపీడిర్ వేరియబుల్‌ను (ఇదీ పెద్ద అక్షరాల్లోనే) హోమ్‌లోని ఫోల్డర్‌కు మార్చండి.

కాన్ఫిగర్ దాటింది, మేక్ మధ్యలో ఆగిపోయింది. ఎక్కడ చూడాలి?

అడుగున ఉన్న లైను కాదు, మొదట వచ్చిన ఎర్రర్ చూడాలి. మేక్‌కు జే ఆప్షన్ ఇచ్చి నాలుగైదు పనులు ఒకేసారి నడిపిస్తే, ఒకటి పడిపోయాక కూడా మిగతావి కొంతసేపు నడుస్తూ తమ గొడవంతా కింద పోసేస్తాయి. అసలు ఎర్రర్ ఎక్కడో పైన ఉండిపోతుంది. జే తీసేసి ఉత్తి మేక్ మళ్ళీ కొట్టండి, అప్పటికే అయినవి వదిలేసి నేరుగా తప్పు ఉన్న ఫైలు దగ్గరే ఆగుతుంది. ఇంకా అంతుపట్టకపోతే వీ=1 అని కలపండి (ఈ వీ పెద్ద అక్షరం), కంపైలర్‌కు ఇచ్చిన పూర్తి కమాండ్ కనబడుతుంది.

"కిల్డ్" అనే మాట కనబడితే కోడ్‌లో తప్పేమీ లేదు, ర్యామ్ చాలలేదు. ఎక్స్265 లాంటి సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలు కట్టేటప్పుడు చిన్న వర్చువల్ మెషీన్లలో ఇది మామూలే. జే అంకె తగ్గించండి, లేదా స్వాప్ కలపండి.

"ఎస్‌హెచ్‌ఆర్‌కు ఆపరాండ్ టైప్ సరిపోలలేదు" అని మ్యాథ్‌ఆప్స్.హెచ్ ఫైలు చూపిస్తోందా? అది చాలామందిని ఏడిపించిన ఎర్రర్. 2023లో వచ్చిన బిన్‌యుటిల్స్ (అసెంబ్లర్, లింకర్ ఉండే ప్యాకేజీ) 2.41లో అసెంబ్లర్ కాస్త కఠినంగా మారింది, పాత ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సోర్స్‌లోని కొన్ని అసెంబ్లీ లైన్లను ఒప్పుకోదు. 6.1 నుంచి సమస్య లేదు. పాత వెర్షన్ తప్పనిసరైతే ఆ శాఖలో వచ్చిన తాజా చిన్న రిలీజ్ తీసుకోండి, మొదటిది కాదు. సిస్టమ్ కొత్తదై, సోర్స్ పాతదైతే ఇలాంటివి వస్తూనే ఉంటాయి. రెండూ ఒకే కాలానివి ఉండేలా చూసుకోవడం మేలు.

"రీకంపైల్ విత్ ఎఫ్‌పిక్" అని లింక్ దగ్గర ఆగితే, షేర్డ్ బిల్డ్‌లోకి (లైబ్రరీలు విడి ఫైళ్ళుగా ఉండేది) పిక్ లేని స్టాటిక్ లైబ్రరీని కలపబోతున్నారని అర్థం. పిక్ అంటే మెమరీలో ఎక్కడ పెట్టినా నడిచే కోడ్. ఆ లైబ్రరీని పిక్‌తో మళ్ళీ కట్టండి. ఎక్స్264కైతే దాని కాన్ఫిగర్‌లో ఎనేబుల్-పిక్ ఉంది.

నిన్న బాగా కంపైల్ అయింది. గిట్ పుల్ చేశాక అర్థంకాని ఎర్రర్లు వస్తున్నాయి.

మేక్ డిస్ట్‌క్లీన్ కొట్టి, కాన్ఫిగర్ నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. పాత ఆబ్జెక్ట్ ఫైళ్ళు, పాత కాన్ఫిగ్.హెచ్ కలిసిపోయి చేసే అల్లరి అది. నేనైతే సోర్స్ ఫోల్డర్‌లో ఎప్పుడూ కట్టను. పక్కన ఖాళీ ఫోల్డర్ చేసి, అక్కడి నుంచి పూర్తి పాత్‌తో కాన్ఫిగర్‌ను పిలుస్తాను. తేడా వస్తే ఆ ఫోల్డర్ తీసేస్తాను, సోర్స్ శుభ్రంగా ఉంటుంది.

ఇన్‌స్టాల్ అయింది. అయినా వెర్షన్ అడిగితే పాతదే చెబుతోంది.

మీ కంప్యూటర్లో రెండు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లు ఉన్నాయి, పాత్‌లో ముందు ఉన్నది పలుకుతోంది. టైప్ కమాండ్‌కు ఒక అడ్డగీతతో "ఏ" అనే అక్షరం ఆప్షన్‌గా ఇచ్చి చూస్తే రెండూ ఎక్కడున్నాయో వరుసగా చూపిస్తుంది. పాత్‌లో మీ ఫోల్డర్‌ను ముందుకు తెచ్చినా పాతదే వస్తుంటే హ్యాష్ కమాండ్‌కు అలాగే "ఆర్" ఇచ్చి కొట్టండి, బాష్ (టెర్మినల్‌లో మీ కమాండ్లు అందుకునే షెల్) పాత చిరునామా గుర్తుపెట్టుకుని ఉంటుంది. వెర్షన్ అడిగినప్పుడు "కాన్ఫిగరేషన్" అనే లైను కూడా వస్తుంది. మీరు ఇచ్చిన ఆప్షన్లు అందులో ఉన్నాయో లేదో చూసుకుంటే ఏది నడుస్తోందో అనుమానం ఉండదు.

"లిబ్‌ఏవీడివైస్ షేర్డ్ ఆబ్జెక్ట్ తెరవలేకపోయాను" అని ఆగిపోతోంది.

ఎనేబుల్-షేర్డ్‌తో కట్టారు, లైబ్రరీలు ఎక్కడ పడ్డాయో లోడర్‌కు తెలియదు. ఎల్‌డీకాన్ఫిగ్‌ను సుడోతో నడపండి. అది సొంత ఫోల్డరైతే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ వేరియబుల్‌లో (పెద్ద అక్షరాల్లో) చూపించండి. "లైబ్రరీ కాన్ఫిగరేషన్ మిస్‌మ్యాచ్" అనే హెచ్చరిక వస్తే ప్రోగ్రామ్ ఒక బిల్డ్‌ది, లైబ్రరీలు ఇంకో బిల్డ్‌వి. దాన్ని నిర్లక్ష్యం చేయకండి, ఎప్పుడో ఒకప్పుడు క్రాష్ అవుతుంది. వేరే ప్రోగ్రామ్‌ల కోసం షేర్డ్ లైబ్రరీలు కావాలంటే తప్ప ఎనేబుల్-షేర్డ్ వదిలేయండి, మామూలుగా వచ్చే స్టాటిక్ బిల్డ్‌లో ఈ తలనొప్పి లేదు.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో వచ్చే ప్లేయర్ ఎఫ్‌ఎఫ్‌ప్లే రాలేదు?

ఎస్‌డీఎల్2 డెవలప్‌మెంట్ ప్యాకేజీ లేదు. కాన్ఫిగర్ దీని గురించి ఫిర్యాదు చేయదు, చెప్పకుండా వదిలేస్తుంది.

విండోస్‌లో కంపైల్ చేయడం ఎలా?

ఎంసిస్2 (విండోస్‌లో లినక్స్ తరహా టూల్స్ ఇచ్చే సాఫ్ట్‌వేర్) వేసుకుని, దాని మింగ్‌డబ్ల్యూ 64-బిట్ షెల్ తెరిచి అక్కడి నుంచి చేయడం తేలిక దారి. స్టార్ట్ మెనూలో ఎంసిస్ పేరుతో మూడు నాలుగు షెల్‌లు కనబడతాయి, తప్పు షెల్ తెరిస్తే కంపైలరే దొరకదు. ఫోల్డర్ పేర్లలో ఖాళీలు ఉండకూడదు, డ్రైవ్ మొదట్లోనే ఒక చిన్న పేరుతో ఫోల్డర్ చేసుకోండి. కాన్ఫిగర్ చాలాసేపు ఏమీ పలకకుండా ఉంటుంది. అది వందల చిన్న ప్రాసెస్‌లు పుట్టిస్తుంది, విండోస్‌లో ఆ పని నెమ్మది. ఆగిపోయిందనుకుని మూసేయకండి.

కాన్ఫిగర్ మొదటి లైన్లలోనే "ఆర్: కమాండ్ నాట్ ఫౌండ్" అంటే, విండోస్ గిట్ లైన్ల చివరి గుర్తులను మార్చేసింది. ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ సెట్టింగ్ ఆపేసి మళ్ళీ క్లోన్ చేయండి. విజువల్ స్టూడియో కంపైలర్‌తో కట్టేవాళ్ళకు ఇంకో మెలిక ఉంది. ఎంసిస్‌లోనూ లింక్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది, మైక్రోసాఫ్ట్ లింకర్ పేరూ అదే. ముందు ఎంసిస్‌ది దొరికితే అర్థంలేని ఎర్రర్లు వస్తాయి. దాని పేరు మార్చి పక్కన పెట్టండి.

ఎన్విడియా కార్డ్ ఉంది, దాని సాయంతో నడిచే ఎన్‌వీఎన్‌సీ ఎన్‌కోడర్ పనిచేయడం లేదు.

కంపైల్ చేయడానికి ఎన్విడియా వాళ్ళ సీయూడీఏ టూల్‌కిట్ మొత్తం దించుకోనక్కర్లేదు. ఎన్‌వీ-కోడెక్-హెడర్స్ అనే చిన్న రిపాజిటరీ తెచ్చి మేక్ ఇన్‌స్టాల్ చేస్తే కాన్ఫిగర్ దానంతటదే గుర్తుపడుతుంది. నాన్‌ఫ్రీ కూడా అవసరం లేదు. నడిపేటప్పుడు "డ్రైవర్ ఈ ఏపీఐ వెర్షన్‌ను సపోర్ట్ చేయదు" అంటే హెడర్లు కొత్తవి, డ్రైవర్ పాతది. డ్రైవర్ అప్‌డేట్ చేయండి. కార్డ్ పాతదై కొత్త డ్రైవర్ రాకపోతే హెడర్ల పాత ట్యాగ్ తీసుకుని మళ్ళీ కట్టండి.

సబ్‌టైటిల్స్, అక్షరాలు వీడియో మీద వేద్దామంటే "నో సచ్ ఫిల్టర్" అంటోంది.

సబ్‌టైటిల్స్ ఫిల్టర్‌కు లిబ్‌యాస్ కావాలి. వీడియో మీద అక్షరాలు రాసే డ్రాటెక్స్ట్ ఫిల్టర్‌కు లిబ్‌ఫ్రీటైప్, కొత్త వెర్షన్లలో లిబ్‌హార్ఫ్‌బజ్ కూడా కావాలి. వీటిని ఎనేబుల్ చేయకపోయినా కంపైల్ సాఫీగా అయిపోతుంది, వాడబోయినప్పుడే తెలుస్తుంది.

తెలుగు రాసేవాళ్ళు ఇక్కడ కాస్త శ్రద్ధ పెట్టాలి. వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చే పని హార్ఫ్‌బజ్‌ది. అది లేని పాత డ్రాటెక్స్ట్‌తో "స్త్రీ" అని రాస్తే అక్షరాలు దేనికది విడిపోయి కనబడతాయి. లిబ్‌యాస్ హార్ఫ్‌బజ్‌ను వాడుతుంది కాబట్టి సబ్‌టైటిల్స్ ఫిల్టర్‌తో మంచి ఫలితం వస్తుంది. తెలుగు ఉన్న ఫాంట్ కూడా సిస్టమ్‌లో ఉండాలి, నోటో సాన్స్ తెలుగు బాగుంటుంది. ఫాంట్ లేకపోతే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనబడతాయి.

అన్నీ అయ్యాయి, కన్వర్ట్ చేస్తే మాత్రం ఎర్రర్. నా బిల్డ్‌లో తప్పుందా?

"అన్‌నోన్ ఎన్‌కోడర్" అంటే బిల్డ్‌లోనే లేదు. ఎన్‌కోడర్స్ ఆప్షన్‌తో జాబితా తీసి చూడండి. మిగతావి చాలామటుకు బిల్డ్ తప్పులు కావు. "ఎత్తు రెండుతో భాగించబడదు" అంటే సైజు బేసి సంఖ్య అయింది, స్కేల్‌లో మైనస్ 1 బదులు మైనస్ 2 ఇవ్వండి. వీడియో కంప్యూటర్లో ఆడి ఫోన్‌లో ఆడకపోతే పిక్సెల్ ఫార్మాట్‌ను వైయూవీ420పీకి మార్చి చూడండి. "మూవ్ ఆటమ్ నాట్ ఫౌండ్" అంటే మీ ఎంపీ4 ఫైలే సగంలో తెగిపోయింది, రికార్డింగ్ సరిగ్గా ముగియలేదు, లేదా డౌన్‌లోడ్ పూర్తికాలేదు. ఇక ఎంకేవీని ఎంపీ4 చేయడమే మీ పని అయితే, లోపలి కోడెక్‌లు ఎంపీ4కు పనికొచ్చేవే అయితే, మళ్ళీ ఎన్‌కోడ్ చేయకండి. కోడెక్ దగ్గర కాపీ అని ఇస్తే గంట పట్టేది క్షణాల్లో అయిపోతుంది, క్వాలిటీ రవ్వంత కూడా తగ్గదు.

సాయం అడిగేటప్పుడు ఏమేం పంపాలి?

మీరు కొట్టిన పూర్తి కమాండ్, దానికి వచ్చిన పూర్తి అవుట్‌పుట్, టెక్స్ట్‌గా. ఫోటో తీసి పంపకండి, అందులో వెతకలేం. ముఖ్యం అనుకున్న రెండు లైన్లు ఏరి పంపకండి, కారణం సాధారణంగా మీరు వదిలేసిన లైన్లలోనే ఉంటుంది. మొదట్లో వచ్చే వెర్షన్, కాన్ఫిగరేషన్ భాగం కూడా ఉంచండి, హైడ్_బ్యానర్ ఇచ్చి దాచేయకండి. సమస్య కాన్ఫిగర్‌లో వస్తే కాన్ఫిగ్.లాగ్ ఫైలు మొత్తం జత చేయండి, మేక్‌లో వస్తే జే లేకుండా వీ=1తో నడిపిన అవుట్‌పుట్ పంపండి. దానితోపాటు ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ కంపైలర్ వెర్షన్, సోర్స్ గిట్ నుంచి తెచ్చారా రిలీజ్ ఫైలు దించుకున్నారా అన్నది ఒక లైన్లో రాస్తే చాలు.